టీవీ వెనక మూత తీసిన గాయని

ఐస్‌లాండ్ గాయని బ్యోర్క్ పేరు కొందరైనా విని ఉంటారు. 1965లో రేక్యవిక్‌లో పుట్టింది. 1977లో, ఇంకా బడిపిల్లగా ఉండగానే, మొదటి రికార్డు వచ్చింది. ఆ తర్వాత షుగర్‌క్యూబ్స్ బృందంలో పాడి పేరు తెచ్చుకుంది. వింత దుస్తులు, వింత మాటలు. "తిక్కమనిషి" అన్నవాళ్ళూ ఉన్నారు. కానీ 1988 నాటి ఒక చిన్న వీడియోలో ఆమె చేసిన పని చూస్తే ఆ తిక్కకు లెక్క ఉందనిపిస్తుంది.

ఆ వీడియోలో ఆమె తన ఇంటి టీవీ వెనక మూత తీసి లోపలి భాగాలు చూపిస్తుంది. అదంతా ఒక చిన్న ఊరి నమూనాలా ఉందట. ఇవి ఇళ్ళు, ఇవి వీధులు అని మురిసిపోతుంది. ఆపైన అసలు కథ చెబుతుంది. ఒక కవి ఆమెను భయపెట్టాడు. సినిమాలో తెర మీద వెలుగు పడుతుంది, అంతే. టీవీ అలా కాదు, లక్షల చిన్న చిన్న తెరలు. వాటన్నిటినీ ఒక బొమ్మగా కలపడంలో మెదడు మునిగిపోతుంది, మంచిచెడ్డలు ఎంచడం మానేస్తుంది, చూసినదల్లా మింగేస్తుంది అన్నాడు. ఆ మాట నమ్మి, టీవీ చూసినప్పుడల్లా ఆమెకు తలనొప్పి వచ్చేది. చివరికి టీవీ మీద ఒక డేనిష్ పుస్తకం చదివాక భయం పోయింది. కవులు అబద్ధాలు చెబితే నమ్మకండి అని ముగిస్తుంది.

ఆ కవి భయం గాలిలోంచి పుట్టలేదు. ఐస్‌లాండ్‌లో టీవీ మొదట అమెరికా సైన్యంతో వచ్చింది. కెఫ్లావిక్ స్థావరంలో 1955లో ప్రసారాలు మొదలయ్యాయి. సైనికుల కోసం పెట్టిన ఆ ప్రసారాలు చుట్టుపక్కల ఇళ్ళకూ చేరాయి. చిన్న దేశం, చిన్న భాష. మా సంస్కృతి ఏమైపోతుందని 1964లో 60 మంది ప్రముఖులు పార్లమెంటుకు విన్నపం పంపారు. దేశానికి సొంత టీవీ 1966లో వచ్చింది. 1983 వరకు జూలై నెలంతా, 1987 వరకు ప్రతి గురువారం ఆ టీవీకి సెలవు! టీవీని అంత అనుమానంగా చూసిన సమాజం అది.

సంస్కృతి గురించిన ఆ చర్చ న్యాయమైనదే. చిక్కెక్కడ వచ్చిందంటే, కవి దానికి లేని విజ్ఞానాన్ని అంటించాడు. పాత టీవీలో లక్షల తెరలు లేవు. ఒకే గాజు బుడ్డి, దాని మెడలో ఎలక్ట్రాన్లు చిమ్మే గన్. 1897లో జర్మన్ శాస్త్రవేత్త బ్రౌన్ చేసిన గొట్టానికి అది వారసురాలు. ఎలక్ట్రాన్ల పుంజం తెర మీద గీత పక్కన గీత గీస్తూ పోతుంది. ఐరోపాలోనూ మన దేశంలోనూ 625 గీతల పద్ధతి, సెకనుకు 25 బొమ్మలు. సినిమాలోనూ సెకనుకు 24 బొమ్మలే. విడి బొమ్మలను కలిపి కదలికగా చూడటం రెండు చోట్లా జరిగేదే. మరి తలనొప్పి? అది నిజమే. హాని జరుగుతుందన్న నమ్మకమే బాధ తెప్పించగలదు. వైద్యులు దీన్ని నొసీబో అంటారు. చేతబడి జరిగిందని నమ్మి మంచం పట్టేవాళ్ళను మనమూ చూస్తుంటాం.

ఇంతకీ టీవీలో ప్రమాదం లేదా? ఉంది. కవి చూపించిన చోట లేదు, ఆమె మూత తీసిన చోట ఉంది. పిక్చర్ ట్యూబుకు వేల వోల్టులు కావాలి, రంగుల టీవీకైతే 20 నుంచి 30 వేలు. ట్యూబు గాజుకు లోపలా బయటా విద్యుత్తు ప్రవహించే పూత ఉంటుంది. అంటే అది 18వ శతాబ్దపు లేడెన్ జాడీ లాంటిదే. ప్లగ్గు పీకినా ఆ విద్యుత్తు చాలాసేపు నిలిచే ఉంటుంది. పవర్ సప్లైలోని పెద్ద కెపాసిటర్ ఇంకా ప్రమాదం, దానిలో 300 వోల్టులకు పైగా ఉండవచ్చు. 20 అంగుళాల ట్యూబు ముఖం మీద గాలి ఒత్తిడి వెయ్యి కిలోలకు పైమాటే. పగిలితే గాజు ముక్కలు ఎగిరిపడతాయి. అందుకే తెలిసిన మెకానిక్ ముందు ఛార్జి తీసేసి, తర్వాతే లోపల చెయ్యి పెడతాడు.

ఎక్స్ కిరణాల భయం సంగతి కూడా చూద్దాం. 1967లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ అమ్మిన కొన్ని రంగుల టీవీల నుంచి అవి మోతాదు మించి వస్తున్నాయని తేలింది. కొలిచారు, కారణం పట్టుకున్నారు, 1968లో చట్టం చేశారు. సెట్టుకు 5 సెంటీమీటర్ల దూరంలో గంటకు 0.5 మిల్లీరాంట్‌జెన్ మించకూడదని పరిమితి పెట్టారు. గాజులో కలిపిన సీసం కిరణాలను ఆపింది. ఇప్పుడు ఆ సీసమే సమస్య. ఢిల్లీ సీలంపూర్ లాంటి చోట్ల పాత సెట్లు పగలగొట్టి పొట్టపోసుకునే కూలీలకు దాని ధూళి విషం. టీవీ చూసినవారిని కాపాడింది, విప్పుతున్నవారిని కాటేస్తోంది. ఈ భయాన్ని వాళ్ళకు ఏ కవీ చెప్పలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే, 1987-88లో, దూరదర్శన్‌లో రామాయణం వస్తుంటే మన దేశంలో ఎందరో టీవీకి దండలు వేసి అగరొత్తులు వెలిగించారు. అక్కడ టీవీ అంటే దడ, ఇక్కడ దండం. రెండుచోట్లా డబ్బా మూసే ఉంది. 2020లో బ్రిటన్‌లో 5జీ టవర్ల వల్లే కరోనా వస్తోందని కొందరు టవర్లు తగలబెట్టారు. డబ్బా మారింది, మూత తీయని అలవాటు మారలేదు.

విజ్ఞానం కవిత్వాన్ని చంపుతుందన్న వాదన ఒకటుంది. బ్యోర్క్ జీవితమే దానికి జవాబు. 2011లో ఆమె తెచ్చిన 'బయోఫీలియా' ఆల్బంలో టెస్లా కాయిల్ మెరుపుల చప్పుడునే వాద్యంగా వాడుకుంది.

అయితే మీ ఇంట్లో పాత టీవీ ఉంటే ఆమెను చూసి మూత మాత్రం తీయకండి. మూత తీయాల్సింది ముందుగా పుస్తకానికి. తెలుసుకుంటే భయమంతా పోతుందని కాదు, దేనికి భయపడాలో తెలుస్తుంది.