నంబరు మారని స్విచ్

కారు ఒక మోడల్‌గా బజారులోకి వచ్చాక కూడా లోపలి పార్టులు మారుతూనే ఉంటాయి. బీటిల్ దశాబ్దాల పాటు బయటికి ఒకేలా కనిపించింది. 1953లో రెండు ముక్కల వెనక అద్దం పోయి ఒకటే అద్దం రావడం లాంటివి తప్ప, మార్పులు చాలావరకు కొన్నవాళ్ల కంటపడలేదు. అయినా ఏ ఛాసిస్ నంబరు నుంచి ఏ పార్టు మారిందో ఫోక్స్‌వ్యాగన్ పార్టుల పుస్తకాల్లో ఉండేది. బాగుచేసేవాడికి అంతే కావాలి. మార్పును ప్రకటించకపోవడం కంటే, దాని ఆనవాలే లేకుండా చేయడం పెద్ద నేరం. జనరల్ మోటార్స్ ఇగ్నిషన్ స్విచ్ ఉదంతం చదివితే వేరే అభిప్రాయానికి రాలేం.

షెవర్లే కోబాల్ట్, సాటర్న్ అయాన్ లాంటి కార్లలో ఆ స్విచ్ పట్టు మరీ వదులు. తాళంచెవిని జారకుండా నిలిపేది లోపలున్న చిన్న ప్లంజరు, దాన్ని నెట్టే స్ప్రింగు. వాటి బలం కంపెనీ తానే పెట్టుకున్న కొలతకు చాలలేదు. తాళాలగుత్తి బరువుకో, మోకాలు తగిలో తాళంచెవి వెనక్కి తిరిగితే నడుస్తున్న కారు ఇంజిన్ ఆగిపోయేది, గుద్దుకున్నప్పుడు ఎయిర్‌బ్యాగు తెరుచుకునేది కాదు. 2006 ఏప్రిల్‌లో ప్లంజరు, స్ప్రింగు పొడవు పెంచడానికి ఆ స్విచ్ చూసే ఇంజినీరు సంతకం పెట్టాడు. పార్టు నంబరు మాత్రం పాతదే ఉంచారు. దాంతో కంపెనీ సొంత పరిశోధకులే దారి తప్పారు. ఎయిర్‌బ్యాగు తెరుచుకోని ప్రమాదాలు 2007 మోడల్ దాకానే ఎందుకు ఎక్కువో వాళ్లకు అంతుపట్టలేదు. 2012లో తుక్కు యార్డులకు వెళ్లి పాత కార్ల స్విచ్‌ల బిగువు కొలిచారు. రికార్డుల ప్రకారమైతే స్విచ్ ఎన్నడూ మారలేదు! చివరికి గుట్టు బయటపెట్టింది బయటి మనిషి. 2010లో జార్జియాలో ఒక యువతి చనిపోయింది. ఆమె కుటుంబం తరఫు నిపుణుడు అదే నంబరు స్విచ్ కొత్తది కొని, ఆమె కారు స్విచ్ పక్కన పెట్టి విప్పి చూశాడు. ప్లంజర్ల పొడవులు వేరు.

కారులో వేల పార్టులుంటాయి, ప్రతి సవరణకూ కొత్త నంబరంటే గోదాముల్లో గందరగోళమేనని తయారీదారులంటారు. అందులో న్యాయముంది, పాతదాని చోట అమరి, అదే పని చేసే పార్టుకు నంబరు మార్చనక్కర్లేదన్నది పరిశ్రమలో సబబైన పద్ధతే. కానీ ఇగ్నిషన్ స్విచ్ విషయంలో పట్టు మారడమంటే పని మారడమే. మార్పు మంచికే కదా, నష్టపోయిందెవరని కూడా అడగవచ్చు. నష్టపోయింది అప్పటికే పాత స్విచ్‌తో తిరుగుతున్నవాళ్లు. కొత్త నంబరు పడి ఉంటే, పాతదాంట్లో లోపమేమిటని ఎవరో ఒకరు అడిగేవాళ్లు. ఈ లోపం వల్ల పోయిన ప్రాణాలని తేల్చి కంపెనీ పరిహార నిధి 124 మరణాలకు డబ్బు చెల్లించింది. సవరించిన స్విచ్‌తో వచ్చిన కార్లకూ ముప్పు తప్పలేదు. రిపేరులో అదే నంబరున్న పాత స్విచ్ ఎందులో పడిందో చెప్పలేక, 2014 మార్చిలో 2008 నుంచి 2011 దాకా వచ్చిన మోడళ్లను కూడా వెనక్కి పిలిచారు. మొత్తం కలిపి దాదాపు 26 లక్షల కార్లు.