చెరువు కడుపు: పహాణీలో మన లఫ్జులు

ఉర్దూ మీడియంలో చదివి, డిగ్రీలో తెలుగు తీసుకున్నవాణ్ని నేను. రెండు జబాన్లు ఒకచోట కలిసి కనబడితే ఆగి చూడటం నాకు అలవాటు. తెలంగాణ భూమి కాగితాలు అలాంటి చోటు. పాత పహాణీ ఒకటి తీసి చూడండి: తరి, ఖుష్కి, ఆబి, తాబి, శిఖం. తరి అంటే తడి నేల, ఖుష్కి అంటే మెట్ట. ఉర్దూ ఒక్క ముక్క చదవని కాశ్త్‌కార్లు కూడా తరతరాలుగా వాడిన మాటలివి. వాన మీద భరోసా లేని ఈ ఇలాఖాలో ఊరంతా ఒకే చెరువు నీళ్లను ఎలా పంచుకుందో ఆ తారీఖ్ ఈ మాటల్లోనే ఉంది.

ముందు ఒక సంగతి సాఫ్‌గా చెప్పుకుందాం. చెరువులు మన సుల్తానులతో మొదలు కాలేదు. రామప్ప, పాకాల కాకతీయుల కాలం నాటివి. తర్వాత వచ్చిన హుకూమత్‌లు లెక్కలు ఫార్సీలో రాయించాయి. 1880ల్లో హైదరాబాద్ రియాసత్ దఫ్తర్లు ఫార్సీ వదిలి ఉర్దూకి మారాయి. కట్ట, తూము, మత్తడి తెలుగులోనే ఉండిపోయాయి. హిసాబ్ మాటలు మాత్రం మన వైపు నుంచి వచ్చి చేరాయి.

ఆబ్ అంటే నీళ్లు, తాబ్ అంటే వేడి. ఫార్సీలో ఎండాకాలాన్ని తాబిస్తాన్ అంటారు. ఆబి వానాకాలపు వరి, తాబి యాసంగి వరి. ఆబికి వాన కూడా తోడుంటుంది. తాబికి చెరువులో మిగిలిన నీళ్లే దిక్కు. అందుకే ఆబి కోతలయ్యాక చెరువులో ఎంతుందో చూసి, ఈసారి తాబి ఎంత మేర వేయాలో తేల్చుకునేవారు. నీళ్లు బాగా ఉంటే ఆయకట్టులో ఎక్కువ భాగం నాటేవారు. తక్కువుంటే తూము దగ్గరి మడులే. అడుగంటితే ఆ ఏడు తాబి లేనట్టే. ఒక్కడు లాలచ్‌కి పోయి ఎక్కువ నాటితే, పొట్టకొచ్చిన వరి అందరిదీ ఎండుతుంది.

తూము తెరవడం, మూయడం, మడి మడికీ నీళ్లు పారించడం నీరటి పని. అతని మజూరీ కోతల్లో రైతులు కొలిచిచ్చే ధాన్యం. పొలాలు పండితేనే అతని ఇంటికీ గింజలు.

మరి చివరి మడి రైతు సంగతి? రాయలసీమలో కొన్ని చెరువుల కింద దీనికి దామాషా అనే పద్ధతి ఉండేది. నీళ్లు తగ్గిన ఏడు తూము దగ్గరి భూమినే, ఆ ఒక్క పంట వరకు, ఎవరి పొలం ఎంతో ఆ లెక్కన అందరికీ పంచేవారు. దూరంగా పొలం ఉన్నవాడికీ తన హిస్సా దక్కేది. ఈ మాటా మన వైపుదే. పాత హిందుస్తానీలో దామాసాహీ అంటే దివాలా తీసినవాడి దగ్గర మిగిలినదాన్ని అప్పులిచ్చినవాళ్లు తమ తమ బాకీని బట్టి పంచుకోవడం. వాన ఎగ్గొట్టిన ఏడు చెరువూ దివాలా తీసినట్టే కదా. ఎవరికీ పూర్తిగా అందదు, ఎవరూ ఖాళీ చేతులతో పోరు.

ఇక శిఖం. అసలు మాట శికమ్, అంటే కడుపు. చెరువులో నీళ్లు నిలిచే నేలకు ఆ పేరు పెట్టారు. నీళ్లు వెనక్కి పోయాక ఆ తేమలో శిఖం పట్టాదారు సాగు చేసుకోవచ్చు. నీళ్లు తిరిగొస్తే జరగాల్సింది అతనే. అక్కడ మనిషి హఖ్ కంటే నీటి హఖ్ ముందు.

బోర్లు వచ్చాక నీళ్లు ఎవరి పొలంలో వాళ్లవి అయిపోయాయి. ఊరు కలిసి కూర్చునే అవసరం తగ్గింది, నీరటికి పని తగ్గింది. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో 46 వేలకు పైగా చెరువులను బాగుచేయాలని తలపెట్టారు. పూడిక మట్టి పొలాలకు చేరింది, అది మంచి పనే. పూడిక తీయడానికి మిషన్లున్నాయి. నీళ్లు పంచుకోవడానికి మాత్రం మళ్లీ మనుషులే కూర్చోవాలి.

పట్నంలో ఉన్న మనకు ఇదంతా ఎందుకంటారా? 2020 అక్టోబర్‌లో బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగి హాఫిజ్‌బాబా నగర్ గల్లీల్లోకి నీళ్లొచ్చాయి. హైదరాబాద్ చుట్టూ ఎన్నో చెరువుల కడుపులో ఇప్పుడు ఇళ్లున్నాయి. గల్ఫ్ కమాయి అంతా పోసి ప్లాట్ కొనేవాళ్లు మన ఇళ్లలో తక్కువేం లేరు. రోడ్డు చూస్తాం, మస్జిద్ ఎంత దూరమో చూస్తాం. పాత పహాణీ చూసేవాళ్లు ఎంతమంది?

బయానా ఇచ్చే ముందు ఆ కాగితం అడిగి తీసుకోండి. అందులో శిఖం అని రాసి ఉంటే, మానీ కోసం వకీల్ దగ్గరికి పోనక్కర్లేదు. ఇంట్లో ఉర్దూ చదివిన నానీని అడగండి.