సారా వ్యతిరేకోద్యమానికి ముందు ‘రుద్రవీణ’: ఒక చారిత్రక పరిశీలన

తెలుగు సినిమాలో కళాకారుడి తాగుడు చాలాకాలం విషాదానికి అలంకారంగానే ఉంది. కె. విశ్వనాథ్ ‘సాగర సంగమం’ (1983) ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. అందులో నర్తకుడు బాలకృష్ణ మద్యానికి బానిస. అతని విద్య శిష్యురాలికి అందుతుంది. అతడు మాత్రం దక్కడు. అక్కడ వ్యసనం ఒక మనిషి గుండెకోత మాత్రమే.

ఐదేళ్ల తర్వాత వచ్చిన కె. బాలచందర్ ‘రుద్రవీణ’ (1988) ఈ అమరికను మార్చింది. ఇక్కడ గాయకుడు తాగడు, ఊరు తాగుతుంది. విద్వాంసుడు బిలహరి గణపతిశాస్త్రి కుమారుడు సూర్యం, ఎదుటి మనిషి ఆపదను పట్టించుకోని తండ్రి సంగీతాన్ని ప్రశ్నించి ఇల్లు వదులుతాడు. ఊరివాళ్లచేత తాగుడు మాన్పించడానికి పూనుకుంటాడు. కోలుకోవలసింది తాగేవాళ్లే కాదు, కచేరీ దాటి రాని సంగీతం కూడా అన్నది ఈ చిత్రం చేసిన సాహసోపేతమైన ప్రతిపాదన. జాతీయ సమైక్యతకు నర్గీస్ దత్ పురస్కారం దీనికి దక్కింది; ఇళయరాజా, ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం కూడా జాతీయ పురస్కారాలు పొందారు. డబ్బు మాత్రం రాలేదు.

అయితే సారా పోసిందెవరు? 1980లలో ‘వారుణి వాహిని’ పేరుతో ప్రభుత్వమే సారా ప్యాకెట్లను పల్లెలకు చేర్చింది. సినిమా బరువంతా తాగేవాడి మనసు మార్చడం మీద పడింది గాని, ఖజానా మీద పడలేదు. బాలచందర్ నాయకుడికి ఒంటరి సంస్కర్త పాత్ర మీద ఉన్న మోజు ఇందుకు కొంత కారణమని నా అభిప్రాయం.

ఆ ప్రశ్న వేరేచోట్ల నుంచి వచ్చింది. వరంగల్‌తో సహా ఉత్తర తెలంగాణ పల్లెల్లో నక్సలైట్లు సారాను నిషేధించారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యతా తరగతుల్లో చదువుకున్న స్త్రీలు, పాఠ్యపుస్తకంలోని సీతమ్మ కథను తమ కథగా గుర్తించి, సారాదుకాణాన్ని మూయించారు. అక్కడ గాయకుడూ లేడు, సంస్కర్తా లేడు. 1980ల తొలినాళ్లలో కాకతీయ విశ్వవిద్యాలయంలో గణితం బోధించిన కె. బాలగోపాల్ ఈ ఉద్యమంపై ‘ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ’లో అదే ఏడాది రాశారు.

1993 అక్టోబర్ 1న సారా, 1995 జనవరి 16న మద్యమంతా నిషేధమయ్యాయి. 1997లో సంపూర్ణ నిషేధం తొలగింది. ఆదాయ లోటు అప్పుడు ప్రభుత్వం చెప్పుకున్న కారణాల్లో ఒకటి.