లేసు కింద పేరు

సఖినేటిపల్లి రేవు దాటితే నరసాపురం. లేసు అల్లిక గోదావరికి రెండు వైపులా ఉంది. పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు నేర్పిన ఈ పని ముందు పేద క్రైస్తవ స్త్రీల చేతికొచ్చింది, తర్వాత గడప దాటని కాపు ఇళ్లకూ పాకింది. దారం కులాలను కలిపిందని మురిసిపోబోతే మరియా మీస్ 1982 నాటి పుస్తకం అడ్డుపడుతుంది. ప్రపంచ మార్కెట్టుకి అల్లిన ఈ స్త్రీలు లెక్కల్లో ఉత్త గృహిణులే. 2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు దక్కింది. ఊరికి, అంతే.

ఆమధ్య ఓ ప్రభుత్వ భవనంలో ప్రదర్శన చూశాను. లేసు కింద జిల్లా పేరుంది. అల్లినావిడ పక్కనే కూర్చుని అల్లుతోంది.

"మీ పేరు రాయలేదేమండీ?" అన్నాను.

"రాత్తే కూలి పెరుగుద్దాండి?" అందావిడ, సూది ఆపకుండా.