ప్లిమత్ నుండి రాఘవాపురం వరకు: సాక్ష్యము ఎవరిది?

1620లో అమెరికా చేరిన ప్లిమత్ యాత్రికుల తొలి దినములను మనము ఎక్కువగా విలియం బ్రాడ్‌ఫోర్డ్ వ్రాతలవల్లనే ఎరుగుదుము. 1630లో ఆయన ఆరంభించిన ఆ గ్రంథపు వ్రాతప్రతి కనబడకుండ పోయి, 1855లో లండన్ బిషప్పుగారి గ్రంథాలయములో బయటపడినది. వలసవారికి మొక్కజొన్న నాటుట నేర్పిన స్థానికుడు టిస్క్వాంటమ్ అందులో ఉన్నాడు. అయితే అతడు స్వయముగా వ్రాసినది ఏదియు లేదు.

నందిగామ ప్రాంతపు కాపరులమైన మాకు ఇది పరాయి సంగతి కాదు. రాఘవాపురం మాలపల్లెకు చెందిన పాగోలు వెంకయ్యగారికి 1859లో సి.ఎం.ఎస్. మిషనెరీ టి. వై. డార్లింగ్‌గారు బాప్తిస్మమిచ్చిరి. సువార్త వినకముందే వెంకయ్యగారు తానెరుగని దేవునికి మొరపెట్టిరన్న వృత్తాంతమును జగ్గయ్యపేట కూటములలో మేము ఎన్నోసార్లు చెప్పితిమి, ఆయన నోట విన్నట్లే! తెలుగులో పలికిన ఆ మాట ఇంగ్లీషుగా మారి, ఇంగ్లండు విశ్వాసుల కొరకు అచ్చయి, మరల తెలుగై మనకు వచ్చినది. అది అబద్ధమని మేము అనుటలేదు. లూకా సహితము కన్నులార చూచినవారు అప్పగించిన సంగతులనే, థెయొఫిలా కొరకు అని పేరుపెట్టి వ్రాసెను. మనము ఆ మాత్రమైనను చెప్పుటలేదు.

ఒంగోలు ప్రాంతపు మాదిగ పెద్దల కథలను ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌగారు సేకరించి 1899లో అచ్చువేయించిరి. మేము సేవచేసిన ఒక సంఘములో పాత బాప్తిస్మపు రిజిస్టరు చెదలపాలైనది. నాయనమ్మ చెప్పిన మాటలు జ్ఞాపకమున్న వృద్ధ స్త్రీలు అక్కడ ఇంకను ఇద్దరున్నారు. సెలవులకు ఊరు వెళ్ళు విద్యార్థులు ముందుగా వారియొద్ద కూర్చుండి, వారి మాటను వారి యాసలోనే, తేదీతో వ్రాసికొనవలెను.