పీచు అంటే ఏ పీచు? గోరుచిక్కుడు, శనగ, మెంతుల కథ



"పీచు తినండి, కొలెస్ట్రాల్ తగ్గుద్ది" అని ఇప్పుడు ప్రతి డాక్టరూ చెప్తున్నాడు. అయితే అన్ని పీచులూ ఆ పని చెయ్యవు. ఇది తేలడానికి చాలా ఏళ్లు పట్టింది. ఆ చరిత్రలో ఉన్నవి ఎక్కువగా మనం పండించే పంటలే.

1968లో ఆగ్రాకి చెందిన డాక్టర్ కె.ఎస్. మాథుర్ బృందం 20 మంది మగవాళ్లకు వెన్న కొవ్వు బాగా ఎక్కువగా ఉన్న భోజనం పెట్టింది. తర్వాత వెన్న తగ్గించకుండానే, గోధుమ, బియ్యం బదులు శనగలు పెట్టారు. సగటు కొలెస్ట్రాల్ 206 నుంచి 160కి దిగింది. అయితే శనగలో మాంసకృత్తులూ ఉన్నాయి, పీచూ ఉంది. తగ్గించింది ఏది?

1975లో లండన్‌లో డేవిడ్ జెంకిన్స్ బృందం పీచుని విడదీసి చూసింది. గోధుమ పీచు, పండ్లలో ఉండే పెక్టిన్, మన గోరుచిక్కుడు గింజల జిగురు (అదే గ్వార్ గమ్) విడివిడిగా తినిపించారు. పెక్టిన్, గోరుచిక్కుడు జిగురు కొలెస్ట్రాల్ తగ్గించాయి. గోధుమ పీచు తగ్గించలేదు. అది మలబద్ధకానికి మంచిదే, కానీ ఈ పనికి కాదు.

కారణం జిగట. మన కాలేయం కొలెస్ట్రాల్‌తోనే పైత్యరసం తయారుచేస్తుంది. మామూలుగా పేగు ఆ రసాన్ని మళ్లీ పీల్చుకుని వెనక్కి పంపుతుంది. జిగురు పీచు దాన్ని పట్టుకుని మలంతో బయటికి లాక్కెళ్తుంది. కొత్త రసం కోసం కాలేయం రక్తంలోని కొలెస్ట్రాల్‌ని తీసుకోవాల్సి వస్తుంది.

1990లో మన హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు షుగర్ రోగులకు మెంతిపిండి పెట్టి చూశారు. చెడ్డ కొలెస్ట్రాల్ తగ్గింది, మంచిది తగ్గలేదు. మెంతిలో ఉన్నదీ జిగురు పీచే.

ఒక మాట గుర్తుంచుకోండి. ఆ పరీక్షల్లో పెట్టింది పెద్ద మోతాదులు. లేత గోరుచిక్కుడు కూరలో జిగురు తక్కువ, ముదురు గింజలోనే ఎక్కువ. ఒక్క పూట కూరతో ఏమీ మారదు. శనగ గుగ్గిళ్లు, మెంతులు, చిక్కుళ్లు, జామకాయ రోజూ కొంచెం కొంచెం పళ్లెంలో పడాలి. డాక్టరు రాసిన మాత్రలు మాత్రం సొంతంగా ఆపొద్దు.

శనగ బస్తాలన్నీ మార్కెట్‌కి తోలేసి మనం తెల్లన్నం ఒక్కటే తింటే ఎట్లా? ఒక్క బస్తా అయినా ఇంట్లో ఉంచుకోండి.