కనబడని కామెర్లు



కామెర్లనగానే మన పల్లెలలో పెద్దలకు స్ఫురించునవి పసరుమందును, పత్యమును. కన్నులు పచ్చబడును, కొలది వారములకు మరల తెల్లబడును, పసరు పనిచేసినదని సంతసింతుము. కాని కన్నులు పచ్చబడకయే కార్జమును ఏండ్లతరబడి పట్టియుండు వ్యాధి యొకటి కలదు. దానిని వైద్యులు హెపటైటిస్-బి యందురు. దాని చరిత్రను నేడు మనవి చేసెదను.

నేను కాపురముండు కిషన్‌బాగు హైదరాబాదు పాతబస్తీలోనిది. మా వీధిలో ఎనిమిదేండ్ల బాలుడొకడు కలడు. తల్లికి రెండవ కానుపునకు ముందు రక్తపరీక్ష చేయగా ఈ వైరసు బయటపడినది; పిల్లవానిని పరీక్షింపగా వానియందును కనబడినది. ఆనాటి నుండి వాని కంచము వేరు, చెంబు వేరు. తోడిపిల్లలను వాని దరి చేరనీయరైరి. "నేనేమి తప్పు చేసితిని తాతా?" అని వాడు నన్నడిగెను.

1965లో బరూక్ బ్లంబర్గను అమెరికా వైద్యుడు ఆస్ట్రేలియా ఆదివాసి రక్తమున ఒక క్రొత్త పదార్థమును గనుగొన్నట్లు ప్రకటించెను. అది ఈ వైరసు పైపొరకు చెందినదని పిమ్మట తేలినది. 1976లో ఆయనకు నోబెలు బహుమానము లభించెను. ఈ వైరసు రక్తము వలనను, శుద్ధిచేయని సూదుల వలనను, కానుపు వేళ తల్లినుండి బిడ్డకును సోకును. కలిసి భుజించుటచే సోకదు. పెద్దలకు సోకినచో నూటికి 95 మందికి పైగా తామే కోలుకొందురు. పుట్టుకతో సోకిన శిశువులలోనో, నూటికి 90 మందియందు అది స్థిరపడును. కొందరికి పెద్దయైన పిదప కార్జము గట్టిపడుటయు, రాచపుండు పుట్టుటయు గలదు.

మందులు లేకపోలేదు. కాని అవి పిల్లలకు పెద్దల వెనుకనే వచ్చినవి. లామివుడీన్‌ను అమెరికాలో పెద్దలకు 1998లోను, పిల్లలకు 2001లోను అనుమతించిరి. ఎంటెకావిర్ పెద్దలకు 2005లో రాగా, పిల్లలకు 2014లో గాని రాలేదు. ఇవి వైరసును అణచునే గాని చాలమందియందు సమూలముగ పెకలింపజాలవు. తమంత తాము మానినచో వ్యాధి విజృంభింపవచ్చును. కార్జమునకు హాని కలుగనంతవరకు పెక్కుమంది పిల్లలకు మందీయక, పరీక్షలు చేయుచు కనిపెట్టియుందురు. దీనిని నిర్లక్ష్యమని తలంపరాదు, ఇదియు వైద్యమే.

వేరు దిగకముందే ఆపునది టీకా. విదేశములనుండి వచ్చునపుడు అది పేదలకు అందని పండు. మన నగరముననే వరప్రసాదరెడ్డిగారు 1993లో శాంతా బయోటెక్నిక్సును స్థాపించి, తొలుత ఉస్మానియా విశ్వవిద్యాలయమునను, పిదప సి.సి.ఎం.బి. యనబడు పరిశోధనాలయమునను పని సాగించి, 1997లో స్వదేశపు టీకాను బయటికి దెచ్చిరి. ధర ఎంతయో దిగినది. 2002లో ప్రభుత్వము కొన్నిచోట్ల శిశువులకు ఉచితముగ నిచ్చుట ఆరంభించి, 2011 నాటికి దేశమంతటికిని విస్తరింపజేసెను. 2018 నుండి పరీక్షలును, మందులును సర్కారు దవాఖానాలలో ఉచితముగ నిచ్చు పథకము గలదు.

మరి మా వీధి బాలుని సంగతియేమి? వాడు ఇంటికానుపున పుట్టెను. పుట్టిన 24 గంటలలో పడవలసిన మొదటి టీకా పడలేదు. ఇంటిల్లిపాది పరీక్ష చేయించుకొని, లేనివారు టీకా వేయించుకొన్న పిదప వాని కంచము మరల పంక్తిలోనికి వచ్చినది. రెండవ బిడ్డకు పుట్టిననాడే టీకా పడినది. పెద్దవాడు ఆరునెలలకొకసారి పరీక్షకు పోవుచున్నాడు.

తప్పు వానిది కాదు, తల్లిదియు కాదు; జారిపోయిన ఒక్క దినముది. పెద్దలారా, మీ యింట కానుపు సమీపించినప్పుడు తల్లికి రక్తపరీక్షయైనదా, బిడ్డకు ఆనాడే టీకా పడినదా యని మీరే అడుగుడు. మీ మాటను ఇంటివారు త్రోసిపుచ్చరు.